కొయ్యింగ కోస్తే లోపల కందనకాయ, కంటి మీద పొర... ఇది పాడైన చేపా? అసలు ఏ జాతి?

కూకట్‌పల్లి_కూరగిన్నె:

నమస్తే అండి అందరికీ. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. మాది ఖమ్మం వైపు, చిన్నప్పటి నుంచి రవ్వ, బొచ్చె, కొర్రమీను తప్ప వేరే చేప ఎరగను. పెళ్ళయ్యాక అత్తగారి ఊరు కాకినాడ పక్కన కాబట్టి ఇప్పుడిప్పుడే ఉప్పునీటి చేపలు అలవాటవుతున్నాయి. మొన్న ఆదివారం ఇక్కడ హైదరాబాద్‌లోనే ఒక షాపుకెళ్తే బోర్డు మీద గ్రే మల్లెట్ అని రాసుంది, అమ్మే అతను మాత్రం "కొయ్యింగ మేడమ్, గోదారి మొగ సరుకు" అన్నాడు (మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు). ఒక్కోటి ముప్పావు కిలో ఉంటుంది, రెండు తెచ్చా. పొలుసు తీసిచ్చారు కానీ కడుపు నేనే ఇంట్లో కోసుకుందామని తెచ్చేశా, కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ముందు కళ్ళు. కంటి మీద జిగురు లాంటి పొర, నల్లగుడ్డు దగ్గర నిలువుగా సన్నటి సందు వదిలి మిగతాదంతా కప్పేసింది. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది కన్ను మసకబారిన చేప తేవొద్దే అని. సర్లే అని కడుపు కోస్తే లోపల గోడంతా మసి పూసినట్టు నల్లగా ఉంది. అది చూసి సగం భయపడ్డా. ఆ తర్వాత పేగుల మధ్యలో అచ్చం కోడి కందనకాయ లాంటి గట్టి ఉండ, దాన్ని చీరితే సన్న ఇసుక, బురద. పేగు లాగుతుంటే వస్తూనే ఉంది, చీర దారం ఊడినట్టు. చేపకి కందనకాయ ఏంటండీ??

మా ఆయన పారేయమన్నాడు. అత్తయ్యకి వీడియో కాల్ చేసి చూపిస్తే ఆవిడ నవ్వి "కొయ్యింగకి అలాగే ఉంటదమ్మా, ఆ నల్లపొర గీకేసి వండెయ్" అంది. వండాం, తిన్నాం, రుచి బాగుంది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నా డౌట్లు అలాగే ఉన్నాయి. ఆ చేప మంచిదేనా కాదా? నెట్‌లో మల్లెట్ అని కొడితే ఎర్రగా, గడ్డం కింద మీసాలున్న చేప చూపిస్తోంది, అదీ ఇదీ ఒకటేనా? ఇంకో చోట కత్తిపరిగ అని, ఇంకో చోట బొంత అని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫ్రైడే_ఫిష్:

కంటి మీద పొర ఉందంటే ఐస్‌లో వారం పడున్న సరుకు అక్కా. హైదరాబాద్ వచ్చేసరికి అంతే. లోపల నలుపు కూడా కుళ్ళిపోవడమే అయ్యుంటుంది. నెక్స్ట్ టైమ్ బతికున్నవి కొనండి.

మొప్పల_మాస్టారు:

పైన తమ్ముడు చెప్పింది మామూలు చేపలకి కరెక్టే కానీ ఈ చేపకి పనిచేయదు. నేను ఫిషరీస్ చదివి ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నా, ఇలాంటి ప్రశ్న వస్తే మాత్రం చెయ్యి ఊరుకోదు, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

మీరు చూసిన మూడూ, కన్ను, నల్లపొర, కందనకాయ, ఆ చేపకి పుట్టుకతో వచ్చినవే. కంటి మీద ఉన్నదాన్ని కొవ్వు రెప్ప అంటారు, పారదర్శకంగా జెల్లీలా ఉండే కణజాలం, కంటికి ముందూ వెనకా పెరిగి మధ్యలో నిలువు సందు వదులుతుంది. మల్లెట్లన్నిటికీ ఒకేలా ఉండదు, కొన్నిటికి అసలు కనిపించదు, కానీ మ్యూజిల్ సెఫాలస్ అనే పెద్ద మల్లెట్‌కి బాగా మందంగా ఉంటుంది, తాజాగా పట్టిన చేపకి కూడా. అందుకని ఈ చేపని కన్ను చూసి కొనకూడదు, మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడండి, వేలితో నొక్కితే సొట్ట పడి ఉండిపోతుందో పైకి లేస్తుందో చూడండి, వాసన చూడండి. అంతకంటే సైన్సు అక్కర్లేదు.

నల్లపొర అంటే కడుపు గోడకి లోపల అంటుకునుండే పొర, దాంట్లో రంగు ఉంటుంది, కుళ్ళు కాదు. నాచు, బురద తినే చాలా చేపలకి ఇలా నల్లగానే ఉంటుంది. వండేటప్పుడు తీయకపోతే కొంచెం చేదు తగులుతుంది, మీ అత్తగారు చెప్పిన గీకుడే మందు.

ఇక కందనకాయ. ఇక్కడికొస్తే నాకు హుషారు ఎక్కువవుతుంది, ముందే చెప్తున్నా. ఈ చేపకి నోట్లో చెప్పుకోదగ్గ పళ్ళు లేవు, పెదవి అంచున వెంట్రుకల్లాంటివి ఉంటాయంతే. అది తినేదేంటంటే బురద పైన తేలికగా పేరుకునే పాచి పొర, డయాటమ్‌లు అనే గట్టి గుల్ల ఉండే కంటికి కనపడని నాచు, కుళ్ళిన ఆకుల నలుసు, వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు. మూతి కిందకి పెట్టి ఆ పై పొరని పీలుస్తుంది, మొప్పల దగ్గర జల్లెడ లాంటి ముళ్ళున్నాయి, గొంతులో ఇంకో వడపోత ఉంది, పెద్ద ఇసుక రేణువుల్ని అక్కడే ఏరి బయటకి ఊదేస్తుంది, సన్నదాన్ని మింగుతుంది. మింగిన ఆ సన్న ఇసుకే తిరగలి రాయి. కోడి రాళ్ళు మింగి గింజ నూరుకున్నట్టే కొయ్యింగ ఇసుకతో డయాటమ్ గుల్లల్ని నూరుకుంటుంది. అందుకే కడుపు చివర గోడ అంత దళసరి కండ. ఆ తిండిలో సారం తక్కువ కాబట్టి పేగు పొడుగు, ఒంటి పొడవుకి మూడు నాలుగు రెట్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. మీరు లాగుతుంటే వస్తూనే ఉందన్నది అదే. వేటాడి తినే పండుగప్పని కోసి చూడండి, పేగు ఇంతే ఉంటుంది.

అంటే మీ చేప శాకాహారికి దగ్గర అన్నమాట, కార్తీకమాసంలో తినొచ్చా అని మాత్రం నన్ను అడక్కండి.

ఎర్రచేప సంగతి వేరు. రెడ్ మల్లెట్ అంటే మన గులివింద. గడ్డం కింద రెండు మీసాలుంటాయి, వాటితో ఇసుకలో పురుగులు వెతుక్కుంటుంది. ఇంగ్లీషులో రెండిటికీ మల్లెట్ అని పేరు పడిందే తప్ప చుట్టరికం లేదు. గ్రే మల్లెట్లది మ్యూజిలిడే కుటుంబం, గులివిందది ముల్లిడే. పలకడానికి దగ్గరగా ఉంటాయి, అందుకే పరీక్షల్లో పిల్లలు తికమకపడతారు, నేనూ ఒకసారి పడ్డా.

గట్టుమీద_కాపలా:

మాస్టారు బాగా చెప్పారు. నేను చదువుకోలేదు గానీ నాగాయలంక వైపు ఉప్పునీటి చెరువులు చేస్తున్నా ఇరవై ఏళ్ళుగా, రొయ్య పోయినప్పుడల్లా చేప వేస్తా, రొయ్య బాగున్నప్పుడు చేపని మర్చిపోతా, మా అందరి కథ అదే.

పేర్ల గొడవకి నా అనుభవం చెప్తా. మా దగ్గర పెద్దది, తల మీద బల్లపరుపుగా ఉండి ఒంటి మీద పొడుగు చారలు ఉండేదాన్ని కత్తిపరిగ అంటాం, మాస్టారు చెప్పిన పెద్ద మల్లెట్ అదే, చిన్న రకాలన్నీ కలిపి కొయ్యింగలు. తూర్పు గోదావరి వాళ్ళు అన్నిటినీ కొయ్యింగే అంటారు. ఈ తేడా తెలీక నేను దెబ్బతిన్నా. ఒక ఏడాది రొయ్యకి తెల్లమచ్చ వచ్చి చెరువు ఎండగట్టాక కత్తిపరిగ వేద్దామని సీడ్ కోసం తిరిగా. హ్యాచరీ పిల్ల మాకు అప్పట్లో దొరికేది కాదు, చలికాలంలో మొగ దగ్గర పోటుతో పాటు లోపలికొచ్చే పిల్లని పట్టి అమ్మేవాళ్ళు. ఒకాయన కత్తిపరిగ పిల్ల అని బిందెల్లో తెచ్చాడు, అంగుళం కూడా లేవు, వెండిపోగుల్లా తళతళలాడుతున్నాయి, ఆ సైజులో ఏది ఏదో దేవుడికి తెలియాలి. వేశా. ఎనిమిది నెలలు తవుడు, చెక్క పెట్టా. వల లాగితే నూటికి పదో పదిహేనో కత్తిపరిగలు, అరకిలో దాటినవి, మిగతావన్నీ జానెడు కొయ్యింగలు, ఇంక పెరగని రకం. అమ్మినాయన్ని అడిగితే "అన్నీ మల్లెట్లే కదా బాబాయ్" అన్నాడు. మాట నిజమే, ఏం చెప్తాం.

ఇంకోటి, ఈ చేప చెరువులో ఉంటే అడుగు బాగుంటుంది. రొయ్య తినగా మిగిలిన మేత, పాచి శుభ్రం చేస్తుంది. ఉప్పు ఎంతున్నా తట్టుకుంటుంది, వర్షాకాలంలో చెరువు తియ్యనీళ్ళయిపోయినా బతుకుతుంది, ఎండాకాలం సాలినిటీ 45 దాటినా, అంటే లీటరు నీళ్ళలో 45 గ్రాముల ఉప్పు పైనే ఉన్నా, బతుకుతుంది. పట్టేటప్పుడే నరకం. వల దగ్గరకొస్తుంటే పైకి లేచి ఎగిరిపోతాయి, ఒకటి ఎగిరిందంటే వెనకాల అన్నీ. మేం లాగుడు వల పైన ఇంకో వల ఎత్తి కర్రలతో పట్టుకుంటాం. మా మేనల్లుడికి ఒకసారి ముక్కు మీద తగిలింది, కిలో చేప, రక్తం కారింది.

తడ_పడవ:

బాబాయ్ గారు చెప్పింది చదివి నవ్వాగలేదు, మాకు పులికాట్‌లో అది రోజూ ఉండేదే. మా వైపు దీన్ని మడవ అంటారు, అరవం ప్రభావం, తమిళంలో మడవై. ఊరు మారితే పేరు మారే చేప ఇది. ఒడిశా చిలిక సరస్సులో ఖైంగా అంటారు, కొయ్యింగ, ఖైంగా వినండి ఒకసారి, ఒకే పేరు కోస్తా పొడుగునా నడిచినట్టు లేదూ?

ఇంక బొంత సంగతి. బజార్లో పాలబొంత అని అమ్మేది వేరే చేప, దాన్ని మిల్క్ ఫిష్ అంటారు, అది మల్లెట్ కాదు. తేడా కనిపెట్టడం తేలిక, పాలబొంతకి వీపు మీద ఒకటే రెక్క, తోక కత్తెరలా లోతుగా చీలి ఉంటుంది. మల్లెట్‌కి వీపు మీద రెండు రెక్కలు, ఒకదానికొకటి ఎడంగా, ముందుదాంట్లో సరిగ్గా నాలుగు ముళ్ళు. చెయ్యి పెట్టి చూసుకోండి, కుచ్చుకుంటే మల్లెట్.

అవి ఎందుకు ఎగురుతాయో మాస్టారు చెప్పాలి. మా తాత మాత్రం చందమామని చూట్టానికి అనేవాడు.

మొప్పల_మాస్టారు:

తాతగారి జవాబే బాగుంది. కొంత వరకు భయంతో, పెద్ద చేప తరిమితే, వల దగ్గరికొస్తే ఎగురుతాయి, అది అందరూ చూసేదే. కానీ ఏ ప్రమాదం లేకుండా ఒక్కటే తీరిగ్గా ఎగిరి పక్కకి పడేది కూడా చూసుంటారు. దానికి ఒక వాదన ఏంటంటే, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినచోట ఇవి ఎక్కువ ఎగురుతాయి, పైకొచ్చి గొంతు పైభాగంలో గాలి నింపుకుని కిందకెళ్ళి బురదలో మేస్తాయి అని. బురదలో ఎలాగూ ఆక్సిజన్ తక్కువ కదా, నాకు నమ్మబుద్ధవుతుంది.

వల దాటి ఎగిరే ఈ చేపని బ్రెజిల్‌లో లగునా అనే ఊళ్ళో డాల్ఫిన్లతో కలిసి పడతారు తెలుసా. జాలర్లు మోకాలి లోతు నీళ్ళలో విసురువల భుజాన వేసుకుని వరసగా నిలబడతారు, డాల్ఫిన్లు మల్లెట్ గుంపుని ఒడ్డు వైపు తోలుకొస్తాయి, డాల్ఫిన్ తలతో నీళ్ళ మీద కొట్టినట్టు చేసిన క్షణాన వల విసురుతారు. చెదిరినవి డాల్ఫిన్ నోట్లోకి, పడ్డవి జాలరి బుట్టలోకి. నూట యాభై ఏళ్ళకి పైగా నడుస్తున్న పొత్తు అది. అక్కడిది మ్యూజిల్ లైజా అనే రకం, మన కత్తిపరిగకి దగ్గర బంధువు.

బాబాయ్ గారి సీడ్ బాధకి కారణం కూడా చెప్పాలి. ఈ చేప బతికేది ఉప్పుటేరులో, మడ అడవి కాలవల్లో, ఒక్కోసారి నది పైకి తియ్యనీళ్ళ దాకా వెళ్ళిపోతుంది, కానీ గుడ్డు పెట్టాలంటే సముద్రానికి పోవాల్సిందే. పులస సముద్రం నుంచి గోదారికి ఎదురెక్కి వస్తే ఇది దానికి సరిగ్గా తిరగబడి నడుస్తుంది. రెండు మూడేళ్ళు ఏరులో పెరిగి, చిలికలో అయితే అక్టోబర్ నుంచి చలికాలంలో, గుంపులు కట్టి మొగ దాటి బయటకి వెళ్తాయి. గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు, లోపల నూనె చుక్క ఉంటుంది కాబట్టి తేలుతుంది, రెండు రోజుల్లోపే పిల్లవుతుంది. పెద్ద తల్లి చేప 20 లక్షలు దాటి పెడుతుంది. పిల్లలు అంగుళం లోపు ఉండగా పోటుతో మొగల్లోకి వస్తాయి, బాబాయ్ గారు కొన్న బిందె సరుకు అదే, నాలుగైదు జాతులు కలిసే వస్తాయి. మొగ పూడితే చేప లేదు. చిలికలో అదే జరిగింది, ఇసుక మేటేసి దారి మూసుకుపోతుంటే చేప పడిపోయింది, 2000 సెప్టెంబర్‌లో కొత్త మొగ తవ్వాక మళ్ళీ పుంజుకుంది.

చెరువులో తియ్యగా తిని లావెక్కుతుంది గానీ దానంతటది గుడ్డు పెట్టదు, హార్మోన్ ఇవ్వాలి, అందుకే హ్యాచరీ పిల్ల అంత ఆలస్యమైంది. చెన్నైలో ఉప్పునీటి సాగు పరిశోధన సంస్థ, మన రైతులు సీబా అంటారు, వాళ్ళు బందీగా పెంచిన చేపతో పిల్ల తీయించారు. ఇప్పుడు సీడ్ కావాలంటే అక్కడ అడగడం బిందెలాయన్ని అడగడం కంటే మేలు.

కువైట్‌లో_కోనసీమ:

లేటుగా చూశా ఈ త్రెడ్. అన్నా మాస్టారూ, ఇక్కడ కువైట్‌లో మైద్ అని చిన్న మల్లెట్ వస్తుంది, జానెడు ఉంటుంది, ఇక్కడోళ్ళకి ప్రాణం. మా రూమ్‌లో నలుగురం అమలాపురం వైపోళ్ళం, మొదటిసారి మార్కెట్‌లో చూసి "ఒరే ఇది మన కొయ్యింగరా" అని అరిచాం, చింతకాయ పెట్టి పులుసు పెట్టాం, అదే రుచి అని చెప్పను గానీ ఇంటి మీద బెంగ కొంచెం తగ్గింది.

నాతో పనిచేసే ఈజిప్టు అతను ఉన్నాడు, వాళ్ళు దీన్ని బూరీ అంటారు. వాళ్ళ దేశంలో చెరువుల్లో పెంచేది ఇదే, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ వాళ్ళే పెంచుతారంట. వసంతంలో షమ్ ఎల్ నెసీమ్ అని వాళ్ళకి పండగ, ఆ రోజు ఫెసీఖ్ తింటారు, అంటే ఈ చేపని ఎండలో కొంచెం వడలనిచ్చి ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టింది. వాసన... మా ఊళ్ళో ఎండుచేప కంపుకి పుట్టి పెరిగినోణ్ణి, నేనే బయటికి పరిగెత్తా. సరిగ్గా ఊరకపోతే బాట్యులిజం అనే విషజబ్బు వచ్చి మనుషులు చచ్చిపోతారని ప్రతి ఏడూ వాళ్ళ గవర్నమెంటు జాగ్రత్తలు చెప్తుందంట, అయినా మానరు. మనం పులస కోసం పుస్తెలమ్మినట్టు.

అవునూ, దీని జన, అంటే కడుపులో గుడ్లు, పారేయకండి అక్కా. జపాన్‌లో కరసుమి, ఇటలీలో బొట్టార్గా అని జనని సంచితో సహా ఉప్పు పెట్టి నొక్కి ఎండబెట్టి అమ్ముతారు, రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మనం అదే జనని ఇంత కారం ఉప్పు పట్టించి పెనం మీద వేసేస్తాం. నాకు మనదే ఇష్టం.

గ్రూప్స్_గుండు:

సార్ మాస్టారు గారూ ఒక డౌట్, జువాలజీ ఆప్షనల్ వాళ్ళం. మా పాత పుస్తకంలో మల్లెట్ పెర్సిఫార్మిస్‌లో ఉంది, కొత్త నోట్సులో మ్యూజిలిఫార్మిస్ అని వేరే ఆర్డర్ ఉంది, ఇంకో చోట లైజా మాక్రోలెపిస్ అని, వేరే చోట ప్లానిలైజా మాక్రోలెపిస్ అని ఉంది. ఏది రాయాలి?

మొప్పల_మాస్టారు:

రాయాల్సింది మీ సిలబస్‌లో ఉన్నది, తెలుసుకోవాల్సింది ఇది.

మల్లెట్ల చుట్టరికం నూటేళ్ళ పైనే తేలలేదు. చూడ్డానికి వీపు మీద రెండు రెక్కలు ఎడంగా, పొట్ట కింద రెక్కలు కాస్త వెనగ్గా ఉన్నాయి కదా, శీలావతి కాదు బాబూ, షీలా అని బజార్లో పళ్ళున్న పొడుగు చేప, బారకూడా, దానికీ మాగకీ ఇవే లక్షణాలున్నాయని మూడిటినీ ఒక గుంపులో కట్టారు. ఒకటేమో ఊరూవాడా వేటాడే చేప, ఇంకోటి బురద పీల్చే చేప, అయినా ఎముకల్ని బట్టి చుట్టాలన్నారు. తర్వాత పెర్సిఫార్మిస్ అనే పెద్ద గోనెసంచిలో వేశారు, మీ పాత పుస్తకం అక్కడ ఆగింది. డీఎన్ఏ పోల్చడం మొదలయ్యాక బొమ్మ తిరగబడింది. 2012లో ఒవలెంటారియా అని ఒక గుంపుకి పేరు పెట్టారు, మల్లెట్లు అందులో పడ్డాయి, పక్కన ఎవరున్నారో చూడండి, తిలాపియా ఉండే సిక్లిడ్లు, పగడపు దిబ్బల డామ్సెల్ చేపలు, గప్పీలు, కప్పల్లా గట్టెక్కే కొన్ని బ్లెనీలు. గుంపు పేరుకి మూలం అంటుకునే గుడ్డు, వీటిలో చాలావాటికి గుడ్డుకి దారాలుండి దేనికో ఒకదానికి అతుక్కుంటుంది. మన మల్లెట్ గుడ్డేమో తేలిపోతుంది, ఆ గుంపులో ఉంటూనే ఆ లక్షణం లేని చుట్టం. ఇప్పుడు దానికి మ్యూజిలిఫార్మిస్ అని సొంత ఆర్డర్, అందులో మ్యూజిలిడే ఒకటే కుటుంబం అని చాలామంది రాస్తారు, జాతులు సుమారు 70, 80.

లైజా గొడవ ఇంకోటి. ఈ చేపలన్నీ పైకి ఒకే అచ్చు, బూడిద వీపు, వెండి పక్కలు, తెల్ల పొట్ట, పక్క గీత కూడా కనపడదు. బయటి రూపం చూసి పెట్టిన ప్రజాతుల్ని డీఎన్ఏ చెల్లాచెదురు చేసింది. పాత లైజాలో యూరప్‌వి కెలాన్‌లోకి పోయాయి, మన వైపువి ప్లానిలైజాలోకి వచ్చాయి. కాబట్టి రెండూ ఒకే చేప పేర్లు, ప్లానిలైజా కొత్తది. వాలాముజిల్‌లో ఉన్నవీ ఇలాగే క్రెనిముజిల్, ఆస్టియోముజిల్ అయ్యాయి.

పోనీ మ్యూజిల్ సెఫాలస్ అయినా నికరమా అంటే అదీ కాదు. 1758లో లినేయస్ పెట్టిన పేరు, ప్రపంచమంతా వేడి, సమశీతోష్ణ తీరాల్లో ఒకటే జాతి అని చాలా కాలం అనుకున్నారు. తైవాన్ చుట్టుపక్కల చేపల్నే పోలిస్తే ఒకదాంతో ఒకటి కలవని మూడు రకాలు తేలాయి, రూపం ఒకటే. అంటే సెఫాలస్ అనేది ఒక చేప కాదు, ఒకే ముసుగేసుకున్న చేపల గుంపు. మన బంగాళాఖాతం చేప పేరు రేపు మారినా నేను ఆశ్చర్యపోను.

ఒక్కటి చెప్పి ఆపుతా, ఇది సిలబస్‌లో ఉండదు. ఆస్టియోముజిల్ కున్నేసియస్ అని ఒక మల్లెట్ ఉంది. ఆ పేరు గ్రీకూ కాదు లాటినూ కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అని కంపెనీ కాలం నాటి స్కాట్లాండ్ డాక్టరు, రక్తపింజరికి ఇంగ్లీషులో ఈయన పేరే ఉంది, విశాఖపట్నం తీరంలో దొరికిన 200 చేపల బొమ్మలేయించి 1803లో పుస్తకం వేశాడు. చాలా చేపలకి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు, అందులో ఒకటి కున్నేసీ. 1836లో ఫ్రాన్స్‌లో వాలెన్‌సియెన్ ఆ మాటకి లాటిన్ తోక తగిలించి శాస్త్రీయ నామం చేశాడు. ప్రజాతి పేరు ఇన్నిసార్లు మారినా విశాఖ జాలరి మాట మాత్రం అలాగే ఉంది.

ఫ్రైడే_ఫిష్:

సారీ అక్కా, ముందు తెలీకుండా వాగా. మాస్టారూ, అయితే మా ఇంట్లో వాళ్ళు బురద వాసన అని తినరు, అది తిండి వల్లేనా?

గట్టుమీద_కాపలా:

బాబూ అది చేప తప్పు కాదు, నీళ్ళ తప్పు. పచ్చ పాచి ఎక్కువైన తియ్యనీటి చెరువు చేపకి ఎక్కువ వస్తుంది, మొగ దగ్గర ఉప్పునీళ్ళలో పట్టినదానికి తక్కువ. మేం అమ్మే ముందు మేత ఆపి మంచి నీళ్ళలో ఉంచుతాం, చాలా వరకు పోతుంది.

మొప్పల_మాస్టారు:

బాబాయ్ గారి మాటే నాదీ. ఆ పాచిలో పుట్టే జియోస్మిన్ అనే పదార్థం ఒంట్లో చేరుతుంది, తొలకరి వాన పడ్డప్పుడు వచ్చే మట్టి వాసన కూడా అదే. నేల మీద నుంచి వస్తే కవిత్వం, చేపలోంచి వస్తే కంపు. చింతపండు పులుసులో బాగా అణుగుతుంది.

మేడమ్, మీరు తిన్నది ఏదో తేల్చుకోవాలంటే ఈసారి పొట్ట కింద, తోకకి ముందుండే రెక్క విప్పి లెక్కపెట్టండి. మూడు ముళ్ళ తర్వాత మెత్తటి పుల్లలు ఎనిమిది ఉంటే కత్తిపరిగ, తొమ్మిదుంటే ప్లానిలైజా లాంటి మిగతా కొయ్యింగలు. మొప్ప మూత మీద బంగారు మచ్చ ఉంటే అది పార్సియా. ఛాతీ రెక్కలు నల్లగా, తోక చీలిక లేకుండా పసుపచ్చగా ఉంటే ఎల్లోకెలాన్, దాన్ని చూస్తే మర్చిపోరు.

కూకట్‌పల్లి_కూరగిన్నె:

అమ్మో, ఒక చేప కూర అడిగితే ఇంత చదువు చెప్పారు, అందరికీ థాంక్స్. ఈ ఆదివారం అదే షాపుకి వెళ్ళి మళ్ళీ రెండు తీసుకున్నా, మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. షాపులోనే రెక్క విప్పి ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతుంటే వెనక లైన్లో ఉన్న పెద్దాయన "ఏంటమ్మా జాతకం చూస్తున్నావా" అన్నాడు. ఒకదానికి తొమ్మిది వచ్చాయి. రెండోదానికి ఎనిమిది, చారలు కూడా ఉన్నాయి, కంటి మీద పొర దీనికే మందంగా ఉంది, పోయినసారి తెచ్చినవాటి కళ్ళూ ఇలాగే ఉన్నాయి. అమ్మే అతనికి చెప్పా ఇవి రెండూ వేరు జాతులండీ అని. "రెండూ ఒకటే రేటు మేడమ్" అన్నాడు.

గట్టుమీద_కాపలా:

ఎనిమిదిది పులుసు పెట్టు తల్లీ, తొమ్మిదిది వేపుడు.